ఎమ్మెస్సీ బోటనీ తర్వాత పీహెచ్‌డీనా, బీఎడ్డా?

మీరు అడిగింది ఇదీ: ఎమ్మెస్సీ బోటనీ ఈ ఏడాదే అయింది, మార్కులు బాగానే ఉన్నాయి. యూనివర్సిటీలో మొక్కల మీద పరిశోధన చేస్తూ, పాఠాలు చెప్పుకుంటూ బతకాలని కోరిక. ఇంట్లో మాత్రం బీఎడ్ చేసి టీచరు పోస్టు చూసుకోమంటున్నారు. పరిశోధనకి బోధన అడ్డు రాదా అని సందేహం, పెళ్లయితే మధ్యలో మానేయాలేమో అని భయం కూడా ఉన్నాయి. పీహెచ్‌డీలో చేరమంటారా, వద్దంటారా?

సూటిగా చెప్తానమ్మా. ఫెలోషిప్ చేతికొస్తే చేరండి. రాకపోతే ఇప్పుడే చేరకండి, ముందు ఒక ఏడాది గట్టిగా నెట్‌కి, అంటే ఫెలోషిప్‌కీ లెక్చరర్ అర్హతకీ పెట్టే జాతీయ పరీక్షకి కూర్చోండి. చేరేటప్పుడు కూడా టాపిక్ చూసి కాదు, గైడ్‌ని, అంటే మీ పరిశోధన నడిపించే మాస్టారిని చూసి చేరండి. నేను రాయలసీమలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. టిష్యూ కల్చర్, అంటే మొక్క ముక్క నుంచి సీసాలో కొత్త మొక్కలు పెంచడం, నా వృత్తి, కొండలెక్కి మొక్కలు ఏరుకోవడం నా పిచ్చి. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచే.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే దీని గురించి మాస్టార్లు ఎవరూ నోరు విప్పరు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మూడేళ్లకే థీసిస్ ఇచ్చినవాళ్లు నాకు తెలిసి చాలా తక్కువ. నాలుగైదేళ్లని లెక్క వేసుకోండి. అన్నేళ్లు ఇంటి నుంచి డబ్బు తెప్పించుకుంటే మొదటి ఏడాది ఎవరూ ఏమీ అనరు, మూడో ఏడాదికి ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తబుద్ధి కాదు. నెట్‌తో వచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) కింద 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. ఇవి 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేట్లు. నెట్ లేకుండా కేంద్ర విశ్వవిద్యాలయంలో చేరితే ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు 8,000. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల అదీ ఉండదు. మీకు యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంక్ గనక వచ్చి ఉంటే కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్ సంగతి కూడా చూడండి.

ఇంకో మాట. ఫెలోషిప్ ఉన్నా అది జీతంలాగా ఒకటో తారీఖున పడదు. నెలల తరబడి ఆగి ఒకేసారి పడటం మా స్కాలర్లందరికీ అలవాటే. మూడు నాలుగు నెలల ఖర్చు పక్కన పెట్టుకుని చేరితే టెన్షన్ ఉండదు.

"లైఫ్ సైన్సెస్ నెట్ బయోటెక్ వాళ్లకే, బోటనీ వాళ్లకి రాదు" అని హాస్టళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. నమ్మకండి. పేపరు 200 మార్కులకు. ‘ఎ’ పార్టులో 20 ప్రశ్నలకి 15, ‘బి’లో 50కి 35, ‘సి’లో 75కి 25 రాస్తే చాలు. సీలో ఒక్కో ప్రశ్నకి 4 మార్కులు, అంటే ఎక్కువ మార్కులున్న పార్టులోనే మూడింట రెండొంతులు వదిలేసుకోవచ్చు. తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో నాలుగో వంతు కోత పడుతుంది కాబట్టి తెలియంది వదలడమే మేలు. సిలబస్‌లో 13 యూనిట్లున్నాయి. ప్లాంట్ ఫిజియాలజీ, డైవర్సిటీ, ఎకాలజీ, ఎవల్యూషన్ మీకు చదివినవే. మన పిల్లలు తడబడేది చివరి యూనిట్ దగ్గర, అదే మెథడ్స్ ఇన్ బయాలజీ. పీసీఆర్, బ్లాటింగ్ లాంటి డీఎన్‌ఏ, ప్రొటీన్ పరీక్షలు, స్టాటిస్టిక్స్ మన ఎమ్మెస్సీలో రికార్డులో రాసినవే తప్ప చేత్తో చేసినవి తక్కువ. ఆ యూనిట్‌ని మొదట పట్టుకోండి, చివరికి వదిలేయకండి.

పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడుతున్నారు. జేఆర్‌ఎఫ్‌కి వయోపరిమితి 30 ఏళ్లు, మహిళలకు ఐదేళ్ల సడలింపు ఉంది. కాబట్టి ఒకసారి పోయినా కొంపేమీ మునగదు. పనిలో పనిగా సెట్, అంటే రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష కూడా రాయండి. ఏపీసెట్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయం, టీజీసెట్‌ను ఉస్మానియా నిర్వహిస్తాయి. దాంతో ఫెలోషిప్ రాదు గానీ ఆ రాష్ట్రంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వస్తుంది.

ఇప్పుడు గైడ్ విషయం. పెళ్లి సంబంధానికి విచారించినంత విచారించాలి ఇక్కడ. ఆయన పేరుతో ఎన్ని పేపర్లొచ్చాయో ఇంటర్నెట్‌లో ఎవరైనా చూస్తారు. మీరు చూడాల్సింది వేరు. ఆయన దగ్గర చేరినవాళ్లలో ఎంతమంది థీసిస్ ఇచ్చారు, ఎన్నేళ్లకు ఇచ్చారు, మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారు. ఇవి ఆయన్ని అడిగితే తెలియవు, ఆయన ల్యాబ్‌లో నాలుగో ఏడాది చదివే స్కాలర్‌ని క్యాంటీన్‌కి తీసుకెళ్లి అడిగితే తెలుస్తాయి. ల్యాబ్‌కి ఉదయం కాదు, సాయంత్రం ఐదు దాటాక వెళ్లి చూడండి. ఆ వేళకి కూడా మనుషులుండి, లామినార్ (సూక్ష్మజీవులు లేని గాలి వీచే పెట్టె) తిరుగుతూ, ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం) వేడిగా ఉంటే అది నడుస్తున్న ల్యాబ్. పరికరాల మీద ప్లాస్టిక్ కవర్లు తీయకుండా ఉంటే అర్థం చేసుకోండి.

రూల్స్ కూడా తెలుసుకోండి. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి తీసుకోకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. పెద్దాయన పేరు చూసి మురిసిపోయే ముందు ఆయన సర్వీసు ఎంత మిగిలిందో కనుక్కోండి. నన్నడిగితే, కొత్తగా ప్రాజెక్టు వచ్చిన కుర్ర అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర చేరడం చాలాసార్లు లాభం. ఆయనకీ పని జరగాలి, మీకూ పని జరగాలి.

మొక్కల పరిశోధనలో క్యాలెండర్ మీది కాదు, మొక్కది. కెమిస్ట్రీ వాళ్లకి ఈ బాధ లేదు. మనకే ఉంది కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను.

ఎర్రచందనం తీసుకుందాం, మన శేషాచలం చెట్టు కాబట్టి. అది ఎండాకాలంలో, ఏప్రిల్, మే నెలల్లో పూస్తుంది. కాయ ముదిరేది మళ్లీ ఏడాది ఫిబ్రవరి, మార్చికి. పూత మీద పని పెట్టుకున్న స్కాలరు ఆ రెండు నెలలూ కోర్స్‌వర్క్ పరీక్షల్లో ఇరుక్కుపోతే ఏడాది పోయినట్టే. పువ్వులు మన సెమిస్టర్ చూసుకుని పూయవు. పైగా అది అడవి. రక్షిత అడవిలో ఆకు తుంచాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. ఎర్రచందనం విషయంలో స్మగ్లింగ్ గొడవల వల్ల ఆ జాగ్రత్త రెట్టింపు. మన తూర్పు కనుమలకే పరిమితమైన సైకస్ బెడ్డోమీ లాంటి మొక్కైతే అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందంలో మొదటి అనుబంధంలోనే ఉంది, దాని జోలికి వెళ్లేటప్పుడు కాగితాలు ఇంకా పక్కాగా ఉండాలి. అనుమతి చేతికొచ్చేసరికి పూత రాలిపోయిన కేసులు మా విభాగంలో ఉన్నాయి. అందుకే నా దగ్గర చేరిన పిల్లల చేత మొదటి నెలలోనే ఆ దరఖాస్తు పెట్టించేవాణ్ణి, టాపిక్ పూర్తిగా ఖరారు కాకపోయినా సరే.

ల్యాబ్‌లో కూర్చుని చేసేదే కదా, టిష్యూ కల్చర్‌కి ఈ తిప్పలుండవు అనుకుంటారు. దాని తిప్పలు దానివి. ఎర్రచందనం లేత కొమ్మ నుంచి కణుపు ముక్క కోసి, కుళాయి నీళ్ల కింద బాగా కడిగి, లామినార్‌లో 0.1 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్‌లో కొద్ది నిమిషాలుంచి, స్టెరైల్ నీళ్లతో పదేపదే కడిగి, ఎంఎస్ మీడియంలో, అంటే ముక్కకి కావలసిన పోషకాలు కలిపిన మిశ్రమంలో నాటుతారు. 1962లో మురాషిగే, స్కూగ్ పొగాకు కణజాలం కోసం ఇచ్చిన ఫార్ములాయే అది, ఇప్పటికీ అదే నడుస్తోంది. రెండు రోజులు తిరగకుండా కోసిన చోటు చుట్టూ మీడియం డికాక్షన్ రంగుకి మారుతుంది. గాయమైన చోటు నుంచి ఫినాల్స్ అనే రసాయనాలు కారి ముక్కను అవే చంపేస్తాయి. చెట్ల జాతుల్లో ఇది మామూలే. ఆస్కార్బిక్ యాసిడ్, యాక్టివేటెడ్ చార్‌కోల్ కలిపి చూడాలి, ముక్కని రోజు విడిచి రోజు కొత్త మీడియంలోకి మార్చాలి. ఆ గండం గట్టెక్కితే ఫంగస్. వానాకాలంలో తెచ్చిన ముక్కల్లో సీసా అడుగున తెల్లటి దారాలు లేచినంతగా ఎండాకాలపు ముక్కల్లో లేవవు. అందుకే మా ల్యాబ్‌లో కొత్త కల్చర్లన్నీ జనవరి నుంచి మే లోపే మొదలయ్యేవి. ఇక్కడా క్యాలెండర్ మొక్కదే. కరెంటు పోయి కల్చర్ రూమ్ 25 డిగ్రీలు దాటి వేడెక్కిపోవడం గురించి వేరే చెప్పను, జనరేటర్‌కి డీజిల్ ఎవరు కొంటారని చేరేముందే అడగండి. నవ్వులాటకి అనట్లేదు.

ఇవన్నీ చూసే ప్రపంచంలో సగం ల్యాబ్‌లు అరబిడాప్సిస్ అనే, ఆవాల కుటుంబంలోని చిన్న మొక్క మీద పడ్డాయి. గింజ నుంచి గింజకి ఆరు వారాలు చాలు, చిన్న జీనోమ్. 2000లో పూర్తి జీనోమ్ చదివిన మొట్టమొదటి మొక్క అదే. అది కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్లాంట్ సైన్సెస్ విభాగం లాంటి, గ్రోత్ రూములున్న చోటికి వెళ్లండి. మా సీమ ఎండల్లో 22 డిగ్రీల గది నడపడం చిన్న విషయం కాదు. చిన్న యూనివర్సిటీలో చేరితే అక్కడ దొరికే మొక్కనే పట్టుకోవడం తెలివి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. 1964లో ఢిల్లీ యూనివర్సిటీ బోటనీ విభాగంలో శిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి పుప్పొడి నుంచి నేరుగా హాప్లాయిడ్ (సగం క్రోమోజోములే ఉన్న) పిండాలు పుట్టించింది దేనిలోననుకున్నారు? దతూరాలో, అంటే పొలం గట్ల మీద ఎవరూ పట్టించుకోని మన ఉమ్మెత్త జాతిలో. ఆ పద్ధతే తర్వాత ప్రపంచమంతా పంటల ప్రజననంలోకి వెళ్లింది.

ఫలితం త్వరగా చూడాలనే తొందర ఉంటే మాత్రం ఈ రంగం మీకు విసుగు పుట్టిస్తుంది. మనం తినే సాంబ మసూరి, బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, 1986లో వచ్చింది. బియ్యం బాగుంటుంది, బ్యాక్టీరియా ఎండాకు తెగులు తగిలితే తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) కలిసి మూడు నిరోధక జన్యువులను మార్కర్ల (జన్యువు ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో అందులోకి ఎక్కించి ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని తెచ్చేసరికి 2008. ప్రతి బ్యాక్‌క్రాస్‌కీ, అంటే సంకరాన్ని మళ్లీ పాత రకంతో కలిపిన ప్రతిసారీ, ఒక పంట కాలం ఆగాలి కదా. ఆ పని చేసినవాళ్లలో ఎందరో స్కాలర్లు మధ్యలో థీసిస్‌లిచ్చి వెళ్లిపోయి ఉంటారు. మీ పీహెచ్‌డీ కూడా అలాంటి పెద్ద పనిలో ఒక ముక్క అవుతుంది. అంతకు మించి ఆశించకండి, అంతకు తక్కువకి ఒప్పుకోకండి.

ఫీల్డ్ పనిలో ఒక అలవాటు ఇప్పుడే చేసుకోండి. హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కని భద్రపరిచే కాగితం) మీద అతికించాక పువ్వు రంగు ఏడాదికి గోధుమరంగైపోతుంది. తెల్లపువ్వా, పసుపా అన్నది మీ నోట్‌బుక్ తప్ప ఎవరూ చెప్పలేరు. రంగు, వాసన, పాలు కారతాయా, చెట్టు ఎత్తెంత, నేల ఎలాంటిది అన్నీ చెట్టు కిందే రాయాలి, సాయంత్రం రూముకొచ్చాక కాదు. మొక్కలు నొక్కి ఆరబెట్టే ప్రెస్‌లో పేపర్లు రోజూ మార్చాలి, వానాకాలంలో రెండుపూటలా. నల్లమలలో చెంచు పెద్దలు మీకు మొక్క పేరో మందో చెప్తే వాళ్ల అనుమతితోనే రాసుకోండి, థీసిస్‌లో ఎవరి దగ్గర విన్నారో చెప్పండి. ఆ మాట తీసుకొచ్చి సొంత కనుగోలులా రాసిన థీసిస్‌లు చూసి నాకు చిరాకేసింది.

ఇక పాఠాల సంగతి. మీరు ప్రశ్నలో "పరిశోధనకి బోధన అడ్డు రాదా" అని కూడా అడిగారు. వస్తుంది. యూజీసీ లెక్కన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటలు క్లాసులు. దాని మీద ఇంటర్నల్ పరీక్షలు, వాల్యుయేషన్, అడ్మిషన్ డ్యూటీ, కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వస్తుందంటే ఫైళ్లు. సెమిస్టర్ మధ్యలో ల్యాబ్ పని అంగుళం కదలదు. అయినా నాకు పాఠాలే ఇష్టం, ఇది నా పక్షపాతం అనుకోండి.

మీ ముందు కూర్చునే డిగ్రీ పిల్లల్లో చాలామంది ఇంటర్ బైపీసీ చదివి, ఎంబీబీఎస్ సీటు రాక బోటనీకి వచ్చినవాళ్లే. మొదటి సెమిస్టర్ అంతా ముఖాలు వేలాడేసుకుని ఉంటారు. వాళ్లకి క్రెబ్స్ వలయం బోర్డు మీద గీస్తే లాభం లేదు. ఉల్లి వేరు కొన ప్రాక్టికల్ చూడండి. చాలా కాలేజీల్లో మధ్యాహ్నం రెండింటికి ల్యాబ్ పెట్టి, అప్పుడే వేర్లు కోసి ఇస్తారు. విభజనలో ఉన్న కణం ఒక్కటీ కనబడదు, పిల్లలు పుస్తకంలో బొమ్మ చూసి రికార్డు నింపుతారు. ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య వేరు కొనలు కోసి, మూడు పాళ్లు ఆల్కహాలుకి ఒక పాలు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో వేసి ఉంచితే, మధ్యాహ్నం ఎసిటోకార్మిన్ పెట్టి వేడి చేసి బొటనవేలితో నొక్కగానే మెటాఫేజ్‌లు (విభజన మధ్య దశలో ఉన్న కణాలు) కనిపిస్తాయి. వెనక బెంచీ అమ్మాయి మైక్రోస్కోప్ వదలకుండా పక్కవాళ్లని తోసేయడం మొదలుపెడుతుంది. ఆ అమ్మాయిలే తర్వాత ఎమ్మెస్సీకి వస్తారు.

వాళ్ల ప్రశ్నలు కూడా అంతే. చింతచెట్టు ఆకులు సాయంత్రానికి ఎందుకు ముడుచుకుంటాయని ఒక కుర్రాడు అడిగాడు. ఆకు మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే పల్వినస్‌లో పొటాషియం అయాన్లు ఒక వైపు నుంచి ఇంకో వైపుకి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి, ఆకు వాలుతుంది అని చెప్పాను. "చీకటి గదిలో పెడితే పగలు కూడా ముడుస్తుందా సార్?" అన్నాడు. కుండీలో చింతమొక్క పెట్టి చూద్దాం రా అన్నాను. చీకట్లో పెట్టినా కొంతకాలం అది తన సొంత గడియారం ప్రకారమే విప్పుకుని ముడుచుకుంటుందని వాడే చూశాడు. మా స్కాలర్ సినాప్సిస్ చదివినప్పటి కన్నా ఆ పూట ఎక్కువ సంతోషపడ్డాను.

ఉద్యోగాల గురించి మభ్యపెట్టను. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే మూల వేతనం 57,700తో మొదలవుతుంది, జీవితం కుదురుకుంటుంది. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నోటిఫికేషన్లు ఏళ్ల తరబడి రావు, వచ్చినా కోర్టు కేసులు. ఈలోగా పీహెచ్‌డీలు గెస్ట్ ఫ్యాకల్టీగా, గంటల లెక్కన చెప్తున్నారు. అందుకే ఒక్క ద్వారం దగ్గరే నిలబడకండి. జూనియర్ లెక్చరర్‌కి ఎమ్మెస్సీ చాలు. డిగ్రీ లెక్చరర్‌కి నెట్ లేదా సెట్, లేదంటే పీహెచ్‌డీ ఉండాలి. 2023 జూలైలో యూజీసీ చేసిన సవరణతో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు, నెట్ లేదా సెట్ ఉంటే దరఖాస్తు పెట్టొచ్చు. కాకపోతే ఎంపికలో పీహెచ్‌డీకి, పేపర్లకి వెయిటేజీ ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీల్లో మార్కర్ ల్యాబ్‌లు, అరటి టిష్యూ కల్చర్ యూనిట్లు బోటనీ వాళ్లని తీసుకుంటాయి, పని చేత్తో వచ్చి ఉండాలంతే.

విదేశం ఆలోచన ఉంటే, అప్పు చేసి మళ్లీ మాస్టర్స్‌కి వెళ్లకండి. అమెరికాలో ప్లాంట్ బయాలజీ పీహెచ్‌డీలకి చాలాచోట్ల ఫీజు మాఫీ చేసి, టీచింగ్ అసిస్టెంట్‌గానో రీసెర్చ్ అసిస్టెంట్‌గానో స్టైపెండ్ ఇస్తారు. నేరుగా పీహెచ్‌డీకే పెట్టండి.

బీఎడ్ తక్కువదేం కాదు. ఇంట్లో పరిస్థితి రెండేళ్లలో జీతం రావాలన్నట్టు ఉంటే బీఎడ్, డీఎస్సీ సరైన దారే. మా దగ్గర స్కూల్ అసిస్టెంట్‌గా చేస్తూనే పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్లున్నారు. ఆలస్యమవుతుంది, అంతే. పెళ్లి అయితే మానేయాలేమో అనే భయం మీ ప్రశ్నలో కనబడింది కాబట్టి చెప్తున్నా: 2022 నిబంధనల్లో మహిళా స్కాలర్లకు గరిష్ఠ గడువు మీద రెండేళ్లు అదనంగా ఇచ్చారు, ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల దాకా ఉంది. సంబంధం మాట్లాడేటప్పుడే ఫీల్డ్ ట్రిప్పుల సంగతి, చీకటి పడ్డాక ల్యాబ్‌లో ఉండాల్సి రావడం గురించి అవతలివాళ్లకి చెప్పేయండి.

పేపర్ల గురించి ఒక్కటే. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చేసే జర్నల్‌కి ఇవ్వకండి. మంచి జర్నల్స్‌ని గుర్తించే యూజీసీ కేర్ జాబితాని 2025లో ఎత్తేశారు, ఇక ఏ జర్నల్ మంచిదో తేల్చుకోవాల్సింది మీరూ మీ గైడూ. అందులో మీరు చదివి మెచ్చుకున్న పేపర్లు ఉన్నాయా అని చూసుకోండి, చాలు.

చివరగా, గైడ్‌లకి మెయిల్ ఎలా రాయాలో చెప్పి ముగిస్తాను, ఎందుకంటే నాకొచ్చిన మెయిళ్లలో ఎక్కువ భాగం "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్" అని యాభై మందికి ఒకేసారి పంపినవే. అవి చదవకుండానే తీసేస్తాం. ఆయన ఈమధ్య పేపర్ ఒకటి చదవండి. అందులో మీకు అర్థం కాని ఒక ప్రయోగం గురించి రెండు వాక్యాల్లో అడగండి. మీ ఎమ్మెస్సీ ప్రాజెక్టులో చేత్తో ఏం చేశారో ఒక వాక్యం, నెట్ ఏ దశలో ఉందో ఒక వాక్యం. పది లైన్లు దాటొద్దు. వారంలో జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయండి, అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి.